మనం నమ్ముతున్నది నిజంగా బైబిల్లో ఉందా అని వెతికి చూసుకోవడం తప్పా?

నీలాంబరం
మా అమ్మకి కీళ్లవాతం. చాలా ఏళ్లుగా ఉంది. వేళ్లు వంకర్లు పోయాయి, బైబిల్లో పేజీ తిప్పాలన్నా నన్ను పిలుస్తుంది. ఈమధ్య ఒక ప్రార్థన కూటంలో ఓ పెద్దాయన అందరి ముందూ "నీకు సంపూర్ణ విశ్వాసం ఉంటే ఈ జబ్బు ఎప్పుడో పోయేదమ్మా" అన్నారు. అమ్మ అక్కడ ఏమీ మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మాత్రం రాత్రి మాత్రలు వేసుకోనంది. మందు మింగితే అపనమ్మకం అవుతుందట.

ఆయన మీద కోపం వచ్చింది, నిజమే. కానీ అంతకన్నా నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి ఉంది. చిన్నప్పటి నుంచి వింటున్న మాటే కదా ఇది. నేనూ లోపల అదే నమ్ముతున్నానా? నమ్ముతుంటే, అది బైబిల్ చెప్పినందుకా, పదిమందీ చెప్పగా చెప్పగా నాలో నాటుకుపోయినందుకా? ఇది తేల్చుకోవాలి. మా వాళ్లని అడిగితే "వాక్యాన్ని పరీక్షించకూడదు, నమ్మాలి అంతే" అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ఆదికాండం నుంచి వరసగా చదవాలా?

కొండగాలి
ముందు మాత్రలు ఆపకుండా చూడండి. మిగతాదంతా తర్వాత మాట్లాడుకోవచ్చు. కీళ్లవాతానికి మందు మధ్యలో మానేస్తే నొప్పులు తిరగబెట్టడమే కాదు, కీళ్లు ఇంకా పాడవుతాయి.

బెరయ_బాట
పరీక్షించకూడదని ఎవరన్నారండీ? అపొస్తలుల కార్యములు 17:11 చూపించండి వాళ్లకి. బెరయవాళ్లు "పౌలును సీలయును చెప్పిన సంగతులు ఆలాగున్నవో లేవో అని ప్రతిదినమును లేఖనములు పరిశోధించుచు వచ్చిరి" అని ఉంది. చెప్పింది ఎవరో దారినపోయే దానయ్య కాదు, సాక్షాత్తూ పౌలు. అయినా సరిచూసుకున్నారు. అలా చూసుకున్నందుకు వాళ్లని తిట్టలేదు సరికదా, థెస్సలొనీకలో ఉన్నవాళ్లకంటే ఘనులని రాశారు.

చిన్న_దీపం
1 థెస్సలొనీకయులకు 5:21 కూడా. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి."

బెరయ_బాట
అవును. దానికి ముందు వచనం కూడా కలిపి చదవాలి. ప్రవచనాలను నిర్లక్ష్యం చేయొద్దని చెప్పి, వెంటనే పరీక్షించమన్నాడు. పారేయడానికి పరీక్షించమనలేదు, పరీక్షించకుండా పట్టుకోమనీ అనలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

నీలాంబరం
కొండగాలి గారూ, డాక్టర్ గారితో ఫోన్లో మాట్లాడించాను. మాత్రలు మళ్లీ వేసుకుంటోంది. కానీ వేసుకునేటప్పుడు ఏదో తప్పు చేస్తున్నట్టు మొహం పెడుతోంది. అందుకే నాకు ఈ తొందర.

పాతచేవ్రాలు
ఆదికాండం నుంచి మొదలుపెట్టకండి. అలా చదవడం మంచిదే, కానీ మీకిప్పుడు కావాల్సింది అది కాదు. లేవీయకాండం మధ్యకొచ్చేసరికి మీ ప్రశ్న మీకే గుర్తుండదు.

నేను చేసే పద్ధతి చెబుతాను. ముందు మీరు నమ్ముతున్నదాన్ని ఒక్క వాక్యంగా కాగితం మీద పెట్టండి. "దేవుడు స్వస్థపరుస్తాడు" అని రాస్తే సరిపోదు, అది అందరూ ఒప్పుకునేదే. ఆ పెద్దాయన అన్నది వేరే మాట: "పూర్తి విశ్వాసం ఉన్నవాళ్ల జబ్బు తప్పకుండా పోతుంది, పోలేదంటే విశ్వాసం లేనట్టే." పరీక్ష పెట్టాల్సింది ఈ మాటకి. రెండోది, దానికి అనుకూలంగా ఉన్న వచనాలు, అడ్డం వచ్చే వచనాలు, రెండు రకాలూ వెతకండి. మనసు ఎప్పుడూ అనుకూలమైనవాటి వైపే లాగుతుంది కాబట్టి అడ్డం వచ్చేవాటిని ముందు వెతకండి. కాన్‌కార్డెన్స్ (ఏ మాట ఏయే వచనాల్లో ఉందో చూపే పుస్తకం) ఉంటే స్వస్థత, రోగము, విశ్వాసము అనే మాటల దగ్గర మొదలుపెట్టొచ్చు. మూడోది, దొరికిన ప్రతి వచనానికీ ఆ అధ్యాయం మొత్తం చదవండి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో చూడండి.

ఈ మూడోది ఎంత ముఖ్యమో చెప్పడానికి ఒకటి చాలు. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." ఈ వాగ్దాన వాక్యం చూడనివాళ్లు ఉండరు, గోడల మీద, కార్డుల మీద, కొత్త సంవత్సరం శుభాకాంక్షల్లో. యోబు 8:7. అన్నది ఎవరు? దేవుడు కాదు, ప్రవక్త కాదు. యోబు స్నేహితుడు బిల్దదు. ఏ సందర్భంలో? పిల్లలందరినీ పోగొట్టుకుని, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నాడు. నాలుగో వచనంలో నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారన్నట్టు మాట్లాడాడు. ఆరో వచనంలో నువ్వు పవిత్రుడివైతే దేవుడు నీకోసం లేస్తాడన్నాడు. ఆ తర్వాత వచ్చింది ఈ వాగ్దానం. చివర 42:7లో దేవుడు ఏమన్నాడో చదవండి. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదని ఆ స్నేహితుల మీద కోపగించుకున్నాడు.

మీ అమ్మగారితో ఆ పెద్దాయన మాట్లాడిన తీరు యోబు గ్రంథంలో ఎవరి నోట వచ్చిందో మీరే చూస్తారు.

చిన్న_దీపం
ఇన్నేళ్లుగా ఆ వాక్యం మా ఇంట్లో గోడ మీద ఉంది. ఇప్పుడే వెళ్లి 8వ అధ్యాయం తీశాను. ఒళ్లు జలదరించింది.

వాన_చినుకు
పాతచేవ్రాలు గారు చెప్పింది బాగుంది కానీ ఒక పక్కే చెబుతున్నారు. యెషయా 53:5 సంగతేంటి? "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది." యాకోబు 5:15, "విశ్వాససహితమైన ప్రార్థన ఆ రోగిని స్వస్థపరచును." ఇంతకంటే స్పష్టంగా ఏం చెప్పాలి? మా తమ్ముడికి మెదడువాపు వచ్చి డాక్టర్లు చేతులెత్తేసినప్పుడు సంఘమంతా రాత్రంతా ప్రార్థన చేసింది. వాడు ఇవాళ ఇద్దరు పిల్లల తండ్రి. మీ పరిశోధనలు నాకు ఆ రాత్రిని తీసేయలేవు.

పాతచేవ్రాలు
తీసేయాలని లేదండీ. మీ తమ్ముడు బతికినందుకు నాకూ సంతోషమే. జరిగినది జరిగింది. అడుగుతున్నది వేరే: ఆ రాత్రి మీ తమ్ముడు పోయి ఉంటే, మీ సంఘానికి విశ్వాసం లేదని తేలినట్టా?

ఇక వచనాలు. యెషయా 53ని కొత్త నిబంధనలో ఇద్దరు ఎలా వాడుకున్నారో చూడండి. మత్తయి 8:17లో యేసు పేతురు అత్త జ్వరం తగ్గించి, సాయంత్రం వచ్చిన రోగులందరినీ బాగుచేశాక, యెషయా చెప్పింది నెరవేరిందని మత్తయి రాశాడు. అంటే శరీర రోగాలే. 1 పేతురు 2:24లో మాత్రం అదే అధ్యాయం పాపాల గురించి, దారి తప్పిన గొర్రెలు తిరిగి రావడం గురించి వచ్చింది. రెండూ ఉన్నాయి. కాబట్టి "అది ఆత్మ స్వస్థతే" అని మత్తయిని పక్కనపెట్టేవాళ్లతోనూ నేను ఒప్పుకోను. కానీ బాగుపడనివాడికి విశ్వాసం లేదని మత్తయీ అనలేదు, పేతురూ అనలేదు.

రెండో_కాపరి
నేను బైబిల్ బోధించే పనిలో ఉన్నాను, కాబట్టి ఒక హెచ్చరిక. పరీక్షించడం మంచిదే. ఒంటరిగా కూర్చుని పరీక్షించడం ప్రమాదం. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో యెషయా గ్రంథం చదువుతుంటాడు. గ్రహిస్తున్నావా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా దారి చూపకపోతే ఎలా గ్రహిస్తానన్నాడు. చదువుతున్నది కూడా ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న 53వ అధ్యాయమే.

చరిత్రలో విలియం మిల్లర్ సంగతి తెలుసుకోండి. అమెరికాలో రైతు. చిత్తశుద్ధి ఉన్న మనిషి. బైబిల్, కాన్‌కార్డెన్స్ ముందు పెట్టుకుని ఏళ్ల తరబడి చదివాడు. దానియేలు 8:14లోని 2300 దినాలను సంవత్సరాలుగా లెక్కగట్టి క్రీస్తు రాకడ దగ్గరపడిందని చెప్పాడు. చివరికి ఆయన అనుచరులు 1844 అక్టోబర్ 22 అని తేదీ పెట్టుకున్నారు. కొందరు పంటలు కూడా కోయకుండా ఎదురుచూశారు. ఏమీ జరగలేదు. జాగ్రత్తగా చదవడం ఒక్కటే సరిపోదు.

బెరయ_బాట
కాపరి గారూ, మంచి ఉదాహరణే, కానీ అది మీ మాటకి సాయం చేయడం లేదు. మిల్లర్ మొదలుపెట్టింది ఒంటరిగానే కావచ్చు, 1844 నాటికి ఆయన వెనక వేలమంది ఉన్నారు, వాళ్లలో బోధకులూ ఉన్నారు. పదిమంది ఉన్నంత మాత్రాన తప్పు ఆగలేదు. కాలాలనూ సమయాలనూ తెలుసుకోవడం మీ పని కాదని అపొస్తలుల కార్యములు 1:7లో ఉంది. ఆ దినము, ఆ గడియ ఎవరికీ తెలియదని మత్తయి 24:36లో ఉంది. అడ్డం వచ్చే వచనాలు ముందు వెతకాలని పాతచేవ్రాలు గారు అన్నది సరిగ్గా ఇందుకే.

రెండో_కాపరి
అంగీకరిస్తాను, పదిమంది కూడా తప్పు పోవచ్చు. అయినా నా మాట వదలను. మీతో విభేదించే ఒక్క మనిషైనా పక్కన కూర్చుని చదవాలి. మన కంటికి ఆనని వచనం అవతలివాడికి ముందు కనబడుతుంది.

నీలాంబరం
మీరందరూ చేస్తున్నది అదే కదండీ ఇప్పుడు.

తెరిచిన_కిటికీ
నేను మీ అందరికంటే భిన్నంగా తేలినవాడిని, ఒక మాట చెప్పనివ్వండి. నేనూ ఇలాగే మొదలుపెట్టాను. నన్ను ఆపింది 2 సమూయేలు 24:1, 1 దినవృత్తాంతములు 21:1. దావీదు జనసంఖ్య లెక్కపెట్టిన ఒకే సంఘటన. ఒక చోట యెహోవా ప్రేరేపించాడని, ఇంకో చోట సాతాను ప్రేరేపించాడని ఉంది. వివరణలు చాలానే చదివాను. ఏదీ నన్ను ఒప్పించలేదు. తర్వాత ఇంకా కొన్ని దగ్గర ఆగాను. ఇప్పుడు నాకు విశ్వాసం లేదు. బైబిల్ మీద గౌరవం ఉంది, చదువుతూనే ఉంటాను.

భయపెట్టడానికి చెప్పడం లేదు. నిజాయితీగా పరీక్షిస్తే జవాబు ఎటు వస్తుందో ముందే రాసిపెట్టుకోకూడదు. నమ్మకం నిలబడాలన్న షరతు మీద చదివితే అది పరీక్ష కాదు.

వాన_చినుకు
ఇదిగో, నేను భయపడేది దీనికే. పరిశోధన అని మొదలుపెడతారు, చివరికి ఇక్కడికొస్తారు.

తెరిచిన_కిటికీ
పాతచేవ్రాలు గారు నాకంటే ఎక్కువే చదివారు, ఆయన ఇంకా నమ్ముతున్నారు కదండీ. చదివిన ప్రతివాడూ ఒకేచోట తేలడు.

పాతచేవ్రాలు
ఆ రెండు వచనాలూ నన్నూ చాలాకాలం కూర్చోబెట్టాయి. దినవృత్తాంతాలు చెర తర్వాత, అంటే యూదుల్ని బబులోనుకి బందీలుగా తీసుకెళ్లిన కాలం తర్వాత రాసినవి. అదే కథని ఆ కాలంవాళ్లు దేవుడి గురించి, చెడు గురించి ఇంకా లోతుగా ఆలోచించి మళ్లీ చెప్పారని నా ఆలోచన. కిటికీ గారికి ఇది చాలకపోవచ్చు. ఆయన షరతు మాత్రం సరైనదే: జవాబు ముందే రాసిపెట్టుకోకూడదు. నమ్మేవాళ్లకీ, నమ్మనివాళ్లకీ.

మోడరేటర్
చర్చ బాగా నడుస్తోంది. సంఘాల పేర్లు, బోధకుల పేర్లు తీసుకురావద్దు. ఒకరి నమ్మకం గురించి ఇంకొకరు తీర్పులు వద్దు. రెండు పోస్టులు తీసేశాను.

పొద్దుతిరుగుడు
మార్కు 16:18 ఎవరూ అనలేదే? "రోగులమీద చేతులుంచినప్పుడు వారు స్వస్థత నొందుదురు." మా దగ్గర స్వస్థత కూడికల్లో ఎప్పుడూ చెప్పేది ఇదే.

బెరయ_బాట
అక్కడ ఒక సంగతి తెలిసుండాలి. మార్కు 16లో 9 నుంచి 20 వరకు ఉన్న భాగం సీనాయి ప్రతిలోనూ, వాటికన్ ప్రతిలోనూ లేదు. రెండూ నాలుగో శతాబ్దానివి, కొత్త నిబంధనకి మనకి దొరికిన ముఖ్యమైన పాత ప్రతుల్లో ఉన్నాయి. చాలా ప్రతుల్లో ఆ భాగం ఉంది కూడా. ఈ కాలంలో వచ్చిన చాలా బైబిళ్లలో దాన్ని బ్రాకెట్లలో పెట్టి కింద ఫుట్‌నోట్ ఇస్తారు. ఫుట్‌నోట్లు చదవడం అలవాటు చేసుకోండి.

అది వదిలేసినా, అదే వచనంలో పాములను ఎత్తి పట్టుకోవడం, విషం తాగినా హాని కలగకపోవడం కూడా ఉన్నాయి. ఒక వచనంలో నచ్చిన సగం తీసుకుని మిగతా సగం వదిలేయడం చదవడం కాదు.

పొద్దుతిరుగుడు
మరి బైబిల్ మారిపోయిందనేగా అర్థం?

బెరయ_బాట
అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఇలాంటి పెద్ద భాగాలు కొత్త నిబంధనలో రెండే, ఇదీ, యోహాను 7:53 నుంచి 8:11 వరకూ. రెండిటి గురించీ దాచకుండా ఫుట్‌నోట్లో చెబుతున్నారు. పాత నిబంధన సంగతికొస్తే, 1947 నుంచి మృతసముద్రం దగ్గర కుమ్రాన్ గుహల్లో చుట్టలు బయటపడ్డాయి. అందులో యెషయా గ్రంథం దాదాపు పూర్తిగా ఉంది. అప్పటిదాకా మన చేతిలో ఉన్న హీబ్రూ ప్రతులకంటే సుమారు వెయ్యేళ్లు పాతది. చిన్న చిన్న తేడాలు చాలానే ఉన్నాయి, కానీ అది ఇవాళ మనం చదివే యెషయానే. 53వ అధ్యాయం అందులోనూ ఉంది.

కొండగాలి
వచనాల్ని విడివిడిగా పట్టుకునే జబ్బు ఎక్కడ మొదలైందో కూడా చెప్పాలి. అసలు ప్రతుల్లో అధ్యాయాల నంబర్లు లేవు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసిందని చెబుతారు. కొత్త నిబంధనకి ఇప్పటి వచనాల నంబర్లు రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు 1551లో పెట్టాడు. పౌలు ఫిలిప్పీయులకు రాసింది ఒక ఉత్తరం. ఉత్తరంలో ఒక లైను చింపి ఫ్రేము కట్టించుకుంటే రాసినవాడి మనసు తెలుస్తుందా?

యిర్మీయా 29:11 చూడండి. సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అనే వాక్యం. ముందు 28వ అధ్యాయం చదవాలి. హనన్యా అనే ప్రవక్త జనం ముందు నిలబడి, రెండేళ్లలో చెర అయిపోతుంది, అందరూ తిరిగొచ్చేస్తారన్నాడు. బబులోనుకి లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. వినడానికి ఎంత బాగుంటుంది! అది అబద్ధం. ఆ ఏడాదే హనన్యా చనిపోయాడు. తర్వాత యిర్మీయా బబులోనులో ఉన్నవాళ్లకి రాసిన ఉత్తరం 29వ అధ్యాయం. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల్ని కనండి, డెబ్బై ఏళ్లు పడుతుంది అన్నాడు. డెబ్బై ఏళ్లు పదో వచనంలో ఉంది, ఆ వాగ్దానం పదకొండో వచనంలో ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది ఆ మాట నెరవేరడం చూడకుండానే పోయి ఉంటారు. అయినా అది వాళ్లకి రాసిన వాగ్దానమే.

తొందరగా అయిపోతుందని చెప్పేవాడి మాట తియ్యగా ఉంటుంది. నీలాంబరం గారి అమ్మగారికి కావాల్సింది యిర్మీయా, హనన్యా కాదు.

వాన_చినుకు
ఈ పోస్టు నాకు నచ్చింది. మా తమ్ముడి విషయంలో నేను చెప్పింది మాత్రం చెప్పిందే.

నీలాంబరం
కొంచెం ఆలస్యమైంది, క్షమించాలి. ఈ రోజుల్లో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నాను. దొరికినవి రాస్తున్నాను, పొరపాటుంటే చెప్పండి.

విశ్వాసాన్ని బట్టి స్వస్థత అని యేసే అన్నవి ఉన్నాయి. మార్కు 5:34లో రక్తస్రావం ఉన్న స్త్రీ, మార్కు 10:52లో బర్తిమయి. నజరేతులో వాళ్ల అవిశ్వాసం వల్ల ఎక్కువ అద్భుతాలు చేయలేదని మత్తయి 13:58లో ఉంది. వీటిని దాటేసి వెళ్లలేను. విశ్వాసానికీ స్వస్థతకీ సంబంధం లేదని నేను అనలేను.

ఇక రెండో పక్క. యోహాను 5లో బేతెస్ద కోనేరు దగ్గర ముప్పై ఎనిమిదేళ్లుగా పడి ఉన్న మనిషి. స్వస్థపడగోరుచున్నావా అని అడిగితే అవునని కూడా అనలేదు, నన్ను దించేవాళ్లు లేరన్నాడు. బాగయ్యాక కూడా తనని బాగుచేసింది ఎవరో అతనికి తెలియదు. అపొస్తలుల కార్యములు 3లో కుంటివాడు డబ్బులొస్తాయని చూశాడు. మార్కు 2లో పక్షవాతరోగి ఒక్కడి గురించి కాదు, మోసుకొచ్చినవాళ్లని చేర్చి "వారి విశ్వాసము చూచి" అని ఉంది. అంటే పూర్తి విశ్వాసం ఉంటేనే అనేది నిలబడలేదు.

బాగుపడనివాళ్లు. పౌలు తన శరీరంలో ముల్లు అని చెప్పుకున్న బాధని తీసేయమని మూడుసార్లు వేడుకుంటే "నా కృప నీకు చాలును" అని జవాబు. అది జబ్బో కాదో అక్కడ లేదు, కానీ అడిగింది దొరకలేదు. తిమోతికి కడుపు జబ్బు, తరచూ వచ్చే బలహీనతలు. దానికి పౌలు "నీకు విశ్వాసం లేదు" అనలేదు, కొంచెం ద్రాక్షారసం తీసుకోమన్నాడు. ఎలీషా నయమాను కుష్ఠు పోగొట్టినవాడు, చివరికి 2 రాజులు 13:14 ప్రకారం జబ్బుతోనే చనిపోయాడు. ఆయన ఎముకలు తగిలితే చనిపోయినవాడు లేచాడని కొంచెం కిందే ఉంది. అంత శక్తి ఉన్న ప్రవక్త మంచాన పడి పోయాడు.

అన్నిటికంటే నన్ను ఆపేసింది 2 తిమోతికి 4:20. త్రోఫిము రోగి కాబట్టి అతన్ని మిలేతులో విడిచిపెట్టి వచ్చానని పౌలు రాశాడు. ఏ పౌలు? ఎవరి చేతిరుమాళ్లు తీసుకెళ్లి రోగుల మీద వేస్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19:12లో ఉందో, ఆ పౌలు. ఒక్క మాట కూడా తప్పు పట్టలేదు. రోగి కాబట్టి విడిచి వచ్చాను, అంతే.

ఇది అమ్మకి చదివి వినిపించాను. "ఎవరే ఈ త్రోఫిము?" అంది. ఇద్దరం వెతికాం. ఎఫెసువాడు, యూదుడు కాదు. పౌలు అతన్ని దేవాలయంలోకి తీసుకొచ్చాడనుకుని యెరూషలేములో అల్లరి లేచిందే, అపొస్తలుల కార్యములు 21:29, అతనే. అంటే పౌలుతో పాటు యెరూషలేము దాకా వెళ్లిన మనిషి. అమ్మ "వాడికి విశ్వాసం లేదని ఎవరంటారే" అంది. ఆ రాత్రి మాత్ర నేను గుర్తుచేయకుండానే అడిగి వేసుకుంది.

చిన్న_దీపం
అక్కా, ఇది చదువుతుంటే కళ్లు నిండాయి.

రెండో_కాపరి
చక్కగా చేశారమ్మా. అడ్డం వచ్చేవి ఇంకో రెండు రాసుకోండి, లేకపోతే ఎవరో ఒకరు రేపు మీ ముందు పెడతారు. బేతెస్ద దగ్గర బాగైనవాడితోనే యోహాను 5:14లో యేసు, ఇక పాపం చేయకు, ఇంకా ఎక్కువ కీడు కలగవచ్చన్నాడు. 1 కొరింథీయులకు 11:30లో ప్రభువు బల్లని అయోగ్యంగా తీసుకున్నందువల్ల కొందరు రోగులయ్యారని ఉంది. కాబట్టి పాపానికీ రోగానికీ ఎప్పుడూ సంబంధం లేదనకండి. యోహాను సువార్తలోనే 9:3లో గుడ్డివాడి గురించి వీడు కానీ వీడి కన్నవారు కానీ పాపం చేయలేదని కూడా ఉంది. ఎవరి విషయంలో ఏది అన్నది చెప్పింది ప్రభువు. మనకి ఆ అధికారం ఇవ్వలేదు.

పొద్దుతిరుగుడు
డాక్టర్ల దగ్గరికి వెళ్లినందుకు రాజు ఆసాని తప్పుపట్టారు కదా? 2 దినవృత్తాంతములు 16:12.

బెరయ_బాట
ఆ వచనం నిదానంగా చదవండి. యెహోవాను వెతకకుండా వైద్యులనే నమ్ముకున్నాడని ఉంది. దానికి ముందు అదే అధ్యాయంలో అతను శత్రురాజు వస్తే గుడిలో వెండి బంగారాలు తీసి సిరియా రాజుకి పంపాడు, తప్పని చెప్పిన దీర్ఘదర్శిని చెరసాలలో వేయించాడు. ఆసా జీవితం అటు తిరిగిపోయిందన్నది కథ. హిజ్కియా రాజుకి పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు చెప్పాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద పుండు మీద కట్టమన్నాడు. వాగ్దానం, మందు ఒకే అధ్యాయంలో ఉన్నాయి, 2 రాజులు 20. పౌలు పక్కన చివరిదాకా ఉన్న లూకా వైద్యుడే.

వాన_చినుకు
యాకోబు 5:15కి ఎవరూ జవాబు చెప్పలేదు. నేను వదలను.

తెరిచిన_కిటికీ
నమ్మనివాడిగా చదివి చెబుతాను. అక్కడ రోగి చేయాల్సింది సంఘపు పెద్దల్ని పిలిపించడం. నూనె రాసి ప్రార్థన చేసేది పెద్దలు. "విశ్వాససహితమైన ప్రార్థన" అంటే చేసేవాళ్ల ప్రార్థన. రోగి బాగుపడలేదని విశ్వాసం లెక్క అడగాలంటే, ఆ వచనం ప్రకారం ముందు ఆ పెద్దాయనే లెక్క చెప్పాలి.

వాన_చినుకు
... ఇది నేనెప్పుడూ ఇలా చూడలేదు. ఆలోచిస్తాను. మీరు నమ్మకపోయినా బాగా చదివారు.

రెండో_కాపరి
కిటికీ గారు చెప్పింది సరిగ్గానే ఉంది. విభేదించే మనిషి పక్కన ఉండాలని నేనన్నది ఇందుకే.

చిన్న_దీపం
నాది వేరే టెన్షన్. ఇలా చదివేటప్పుడు సందేహాలు పెరుగుతున్నాయి. సందేహంతో ప్రార్థన చేస్తే వింటాడా అని భయమేస్తోంది.

కొండగాలి
మార్కు 9:24. అపవిత్రాత్మ పట్టిన కొడుకుని తెచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నాకు అపనమ్మకం ఉండకుండా సహాయం చేయమని ఒకే గుక్కలో రెండూ అన్నాడు. ఆ తర్వాత ఏం జరిగింది? ముందు నీ అపనమ్మకం తీరాక రా అని పంపేశాడా? పిల్లవాడు బాగయ్యాడు.

చిన్న_దీపం
ఇది నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇంకొకటి. యోబు మొత్తం చదవడం మొదలుపెట్టాను. 42:7లో దేవుడు ఎలీఫజుని, అతని ఇద్దరు స్నేహితుల్ని మాత్రమే అన్నాడు. మరి 32 నుంచి 37 వరకు మాట్లాడిన ఎలీహు సంగతేంటి? అతను చెప్పింది ఒప్పా తప్పా?

పాతచేవ్రాలు
మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. అందుకే అతని మాటల్ని దేవుడి మాటలుగా తీసుకుని బోధ కట్టేయకూడదని నా అభిప్రాయం. అయినా శ్రమ శిక్ష మాత్రమే కాదు, మనిషిని కాపాడడానికీ హెచ్చరించడానికీ కూడా రావచ్చని 33లో అంటాడు. ఆ ముగ్గురూ ఇంత స్పష్టంగా అనలేదు.

రెండో_కాపరి
నేను ఇక్కడ ఒప్పుకోను. 37లో ఎలీహు ఉరుములు, తుఫాను గురించి చెబుతుండగానే 38లో సుడిగాలిలో నుంచి దేవుడు మాట్లాడతాడు. దారి వేసినవాడిలాగే కనబడతాడు నాకు.

పాతచేవ్రాలు
మరి 34:7, 8లో యోబుని దుష్టులతో తిరిగేవాడని అన్నాడు, దాన్నేం చేద్దాం? చిన్న_దీపం, 32 నుంచి 38 దాకా ఒకేసారి కూర్చుని చదివి, మీకేమనిపించిందో మీరే రాయండి. మేమిద్దరం ఆ తర్వాత మాట్లాడతాం.